ఎం.ఐ.టి.లో మా అమ్మాయికి సీటు వచ్చే అవకాశం ఎంత?

కనిగిరి అమ్మ
అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బయాలజీ చెబుతాను. మా వారిది వ్యవసాయం, నాలుగెకరాల మెట్ట. అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. పదో తరగతిలో 600కు 588, ఇంటర్ మొదటి సంవత్సరంలో 470కి 464 వచ్చాయి. అమెరికా కాలేజీల ప్రవేశాలకు చూసే శాట్ పరీక్ష ఆగస్టులో రాస్తే 1600కు 1540 వచ్చింది: లెక్కల్లో 800, ఇంగ్లీషులో 740. గణిత ఒలింపియాడ్‌లో ఈ జనవరిలో జాతీయ స్థాయి పరీక్ష ఐ.ఎన్.ఎం.ఓ. రాసింది కాని శిక్షణ శిబిరానికి ఎంపిక కాలేదు. ఇవి తప్ప చెప్పుకోదగ్గవి ఏమీ లేవు.

అమెరికాలో ఎం.ఐ.టి.కి (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) దరఖాస్తు చేస్తానంటోంది. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లాం. ఇప్పుడున్న ప్రొఫైలుకు ఇరవై శాతం అవకాశం ఉందనీ, తమ ప్యాకేజీ తీసుకుంటే ఎనభై శాతానికి తీసుకెళతామనీ అన్నారు. అమ్మాయి పేరున ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టించి, ఏదో జర్నల్లో పరిశోధన పత్రం అచ్చు వేయిస్తారట. ఫీజు ఐదు లక్షలు. అప్పు చేయాల్సిందే. అసలు అవకాశం ఎంత ఉందో తెలిసినవారు చెప్పండి.

వరంగల్ వాసి
ఆ డబ్బు కట్టకండి. ఇరవై, ఎనభై అనే అంకెలు వాళ్లు నోటికొచ్చినట్టు చెప్పినవి. ఎం.ఐ.టి. తన లెక్కలు తానే ప్రచురిస్తుంది. 2024లో చేరిన బ్యాచ్‌కు 28 వేల పైచిలుకు దరఖాస్తులు వస్తే 1,300 లోపు మందికి ప్రవేశం దొరికింది. అంటే నూటికి నాలుగున్నర. అందులోనూ అమెరికా పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేని విద్యార్థులకు ప్రపంచం మొత్తానికి కలిపి ఏటా 150 లోపే. వాళ్ల వరకు చూస్తే నూటికి రెండు, అంతే. ఇంత వడపోతలో ఒక పిల్లకు ఎనభై శాతం ఇస్తామని చెప్పగలిగినవారు భూమ్మీద ఎవరూ లేరు.

తెనాలి లెక్కల మాస్టారు
అమ్మా, నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. ఫలితాలు రాగానే ర్యాంకు పట్టుకుని ఏ కాలేజీలో ఏ బ్రాంచి వస్తుందో చూసుకుంటాం. ఐ.ఐ.టి. సీట్లు కేటాయించే జోసా ఏటా ముగింపు ర్యాంకులు ప్రకటిస్తుంది కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. ఐ.ఐ.టి. బొంబాయిలో కంప్యూటర్ సైన్సు ఓపెన్ కోటాలో మొదటి 70 ర్యాంకుల లోపే అయిపోతుంది. ర్యాంకు 60 అయితే వస్తుంది, 600 అయితే రాదు. తండ్రి ఎవరు, పిల్ల ఎలాంటిది అన్న ప్రశ్నే రాదు.

మీరు అడిగిన చోట ముగింపు ర్యాంకు అనేదే లేదు. అందుకని అక్కడ 'అవకాశం ఎంత' అన్న ప్రశ్నకు మనకు అలవాటైన రకం జవాబు దొరకదు. నా సలహా ఒక్కటే. జేఈఈ చదువు ఆపవద్దు. 2024లో ఐ.ఐ.టి.లన్నిటిలో కలిపి 17,740 సీట్లు ఉన్నాయి. ఐ.ఎన్.ఎం.ఓ. దాకా వెళ్లిన పిల్లకు అవి అందని ద్రాక్ష కాదు.

ఫ్రిస్కో నాన్న
మాస్టారు చెప్పినదానికి తోడు ఒక లెక్క. ప్రవేశాల విషయంలో హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటపడిన వివరాలు ఇవి. 2015లో చేరిన బ్యాచ్‌కు దరఖాస్తు చేసిన దాదాపు 26 వేల మంది దేశీయ విద్యార్థుల్లో 3,400 మంది దాకా శాట్ లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లే. స్కూలు మార్కుల్లో పూర్తి సగటు ఉన్నవాళ్లు 8,000 మందికి పైగా. తరగతిలో ఉండే సీట్లు సుమారు 1,600. ఇది చదివాక నాకు ఒక విషయం అర్థమైంది. మార్కులు గేటు లోపలికి తీసుకెళతాయి. ఆ తర్వాత వాటితో పని లేదు. 1540ని 1570 చేయడానికి మరో మూడు నెలలు పెట్టడం వృథా.

మా సంగతి కూడా చెబుతాను, ఇక్కడ హెచ్-4 (ఉద్యోగ వీసా మీద వచ్చినవారి కుటుంబాలకు ఇచ్చే వీసా) మీద పిల్లలున్న తల్లిదండ్రులు చదువుతుంటారు కాబట్టి. మా పెద్దమ్మాయి మూడేళ్లప్పుడు టెక్సస్ వచ్చింది, బడి చదువంతా ఇక్కడే. అయినా ఎం.ఐ.టి. దరఖాస్తులో తను అంతర్జాతీయ విద్యార్థే, గ్రీన్‌కార్డు రాలేదు కనుక. అంటే కనిగిరి అమ్మాయీ, మా అమ్మాయీ ఒకే వరుసలో నిలబడతారు. మాకు ఉన్న వెసులుబాటల్లా రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ, రాష్ట్రంలో తమ తమ స్కూళ్లలో మార్కుల్లో పై వరుసలో ఉన్న పిల్లలకు తప్పనిసరిగా ప్రవేశం ఇస్తుంది. అంతకు ముందు ఆరు శాతం, 2026లో చేరేవారి నుంచి ఐదు శాతం. అదీ యూనివర్సిటీలోకే కాని కంప్యూటర్ సైన్సులోకి కాదు.

చార్లెస్ నది ఒడ్డున
కనిగిరి అమ్మగారికి నమస్కారం. నేను ఎం.ఐ.టి.లో చదివాను. ఇప్పుడు దరఖాస్తుదారులతో స్వచ్ఛందంగా మాట్లాడే పూర్వ విద్యార్థుల్లో ఒకణ్ణి. మాకు పిల్లల మార్కులు, దరఖాస్తు ఏవీ కనిపించవు. గంటసేపు మాట్లాడి, ఏం విన్నామో రాసి పంపుతాం. నిర్ణయం మా చేతిలో ఉండదు.

అమెరికా విశ్వవిద్యాలయాలు ప్రవేశాల్లో దేనికి ఎంత ప్రాధాన్యం ఇస్తాయో ఏటా ఒక ఉమ్మడి పట్టికలో ప్రకటిస్తాయి. ఎం.ఐ.టి. ఆ పట్టికలో మార్కులు, పరీక్షలు, సిఫారసు లేఖలు అన్నిటికీ 'ముఖ్యం' అని పెట్టి, ఒకే ఒక్క దానికి 'చాలా ముఖ్యం' అని పెడుతుంది. అది విద్యార్థి స్వభావం, వ్యక్తిగత గుణాలు. తల్లిదండ్రులు పూర్వ విద్యార్థులైనంత మాత్రాన అక్కడ ఒరిగేది ఏమీ లేదు. దాతలకూ ప్రత్యేక దారి లేదు.

మీరు రాసినదాంట్లో అమ్మాయి సాధించిన అంకెలు ఉన్నాయి కాని అమ్మాయి లేదు. ఎవరూ చెప్పకుండా, మార్కులు రావని తెలిసీ తను ఏ పనిమీద గంటలు గడుపుతుంది? 'ఏమీ లేవు' అన్నారు. నిజంగానే ఏమీ లేవా?

కనిగిరి అమ్మ
అందరికీ ధన్యవాదాలు. కన్సల్టెన్సీకి ఈ ఉదయమే వద్దని చెప్పేశాం.

మీరు అడిగినదానికి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఒక నోటుపుస్తకం ఉంది. మా ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. బళ్లో సగం మంది పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉంటాయి. తను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూలుకు నీటి పరీక్ష కిట్టు వచ్చింది. సీసాలో నీళ్లు పోసి మందు కలిపితే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అది పసుపులోకి తిరుగుతుంది. రంగుల అట్ట పక్కన పెట్టి చూసి అంకె రాసుకోవాలి. తను ఆ కిట్టు పట్టుకుని ఊళ్లో బోర్లన్నీ తిరిగింది. ఒక్కో పేజీకి ఒక్కో బోరు. ఎవరిది, ఎన్ని అడుగులు, ఏ సంవత్సరం వేశారు, నీళ్లు ఏ తేదీన పట్టింది, రంగు ఎంత చూపింది. ఇప్పటికీ సంక్రాంతి సెలవులకు, వేసవి సెలవులకు వచ్చినప్పుడు అవే బోర్ల నీళ్లు మళ్లీ పడుతుంది. వేసవిలో అంకె పెరుగుతోందని తనే కనిపెట్టింది. లోతు పెరిగితే ఫ్లోరైడ్ పెరగాలని అందరూ అంటారు, మా ఊళ్లో అలా లేదే అని వెనక పేజీల్లో గ్రాఫులు గీసి కొట్టేసి, మళ్లీ గీసింది. ఆ లెక్క ఇంకా తేలలేదు.

అంగన్‌వాడీ పక్క బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటి చూపిస్తోందని సర్పంచి గారితో మాట్లాడి, పిల్లల వంటకు ట్యాంకు నీళ్లు వచ్చేలా చేయించింది. దీనికి సర్టిఫికెట్టు గాని, బహుమతి గాని లేదు. అందుకే రాయలేదు.

మూడో సంవత్సరం
అక్కా, ఇదే మొదట రాయాల్సింది! నేను అక్కడే మూడో సంవత్సరం చదువుతున్నాను, మాది నంద్యాల. ఎం.ఐ.టి. దరఖాస్తు కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసే వేదిక) ఉండదు, దానికి సొంత పోర్టల్ ఉంది. కామన్ యాప్‌లో పది కార్యకలాపాలు రాయవచ్చు. ఇక్కడ నాలుగే అడుగుతారు. పెద్ద వ్యాసం ఒకటి కాకుండా చిన్న ప్రశ్నలు చాలా ఉంటాయి. నాలుగే గళ్లు కాబట్టి పేరుకు పెట్టిన స్వచ్ఛంద సంస్థ అక్కడ ఒక గడిని తినేస్తుంది, అంతే.

నోటుపుస్తకాన్ని మెరుగులు దిద్దవద్దు. 'గ్రామీణ జల విప్లవ కార్యక్రమ వ్యవస్థాపకురాలు' అని ఎవరైనా రాయమంటే రాయవద్దు. ఎన్ని బోర్లు, ఎన్ని సీజన్లు, ఏం తేలింది, ఏం తేలలేదు అని రాస్తే చాలు. తేలని లెక్క గురించి తప్పకుండా రాయమనండి.

వరంగల్ వాసి
నోటుపుస్తకం సంగతి చదివి నాకూ సంతోషం వేసింది. అయినా ఒక మాట చెప్పాలి. ఆ నూటికి ఇద్దరిలో లేని తొంభై ఎనిమిది మంది దగ్గరా ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. కెన్యాలో ఒక పిల్లవాడు, వియత్నాంలో ఒక అమ్మాయి. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో బంగారు పతకం తెచ్చినవాళ్లకూ అక్కడ తిరస్కారాలు వస్తాయి. పిల్ల మనసులో ఇప్పుడు ఆశ పెంచి మార్చిలో ఫలితాలప్పుడు కూలదోయడం మంచిది కాదు.

చార్లెస్ నది ఒడ్డున
వరంగల్ వాసి గారి ఆందోళన న్యాయమైనదే. కాని 'నూటికి రెండు' అన్నది గుంపు లెక్క. లాటరీ చీటీలన్నీ సమానం, దరఖాస్తులు సమానం కావు. ఆ వేల దరఖాస్తుల్లో ఇంగ్లీషు సరిపోనివీ, లెక్కలు నిలవనివీ, నాలుగు వాక్యాల తర్వాత విద్యార్థి కనిపించనివీ చాలా ఉంటాయి. అలాగని మన అమ్మాయికి పది శాతమో, పదిహేను శాతమో అని నేను చెప్పను. ఆ అంకె నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు.

చెప్పగలిగిన సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి. చేరినవారిలో మధ్య సగం మంది శాట్ లెక్కల మార్కు 780 నుంచి 800 మధ్య ఉంటుంది. 800తో ఆ గేటు దాటినట్టే. ఇంగ్లీషు 740 అలాంటి మధ్య సగానికి కింది అంచున ఉంది, అనుమానించాల్సిందేమీ కాదు. ఐ.ఎన్.ఎం.ఓ. అంటే అక్కడి పాఠాలను తట్టుకోగలదని చెప్పే గట్టి ఆధారం, అది ఇంటర్ మార్కుల కన్నా ఎక్కువ పలుకుతుంది. బడి నుంచి ఎవరూ చెప్పకపోయినా అదే బోరు దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్లడం, అంకె నచ్చకపోతే గ్రాఫు కొట్టేసి మళ్లీ గీయడం, తెలిసినదాన్ని సర్పంచి దాకా తీసుకెళ్లి అంగన్‌వాడీ నీళ్లు మార్పించడం – నేను ఇంటర్వ్యూలో వినాలని ఎదురుచూసేది ఇదే. ఈ దరఖాస్తు చదివేవారు గంభీరంగా తీసుకునే దరఖాస్తు అవుతుంది. ఆ తర్వాత సీటు రాకపోతే దానికి కారణం అమ్మాయిలో వెతకనక్కరలేదు. సీట్లు తక్కువ, అంతే. ఈ మాట ఇప్పుడే, ఫలితం రాకముందే తనతో చెప్పండి.

ఫ్రిస్కో నాన్న
డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎం.ఐ.టి.లో మొత్తం ఖర్చు ఏడాదికి 85 వేల డాలర్లకు పైనే. ఇక్కడ ఒక తేడా గట్టిగా తెలుసుకోవాలి. ఆర్థిక సాయం అడిగినందువల్ల ప్రవేశావకాశం తగ్గని చోట్లు కొన్నే. విదేశీ విద్యార్థులకు కూడా అలా చేసేవి ఎం.ఐ.టి., హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడన్, 2025లో చేరినవారి నుంచి బ్రౌన్. ఇంకా ఒకటి రెండు ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్ వంటివి విదేశీయుల విషయంలో సాయం అడిగారా లేదా అని చూస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో అయితే దరఖాస్తు రోజున అడగకపోతే నాలుగేళ్లలో మళ్లీ అడిగే వీలు లేదు. కాబట్టి 'ముందు సీటు రానీ, తర్వాత చూద్దాం' అనుకోవద్దు.

ఎం.ఐ.టి. 2024 నవంబరులో ఒక ప్రకటన చేసింది. ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం, దానికి తగిన మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాల తల్లిదండ్రులు ఏమీ కట్టనక్కరలేదు. మీరు ఆ పరిమితికి చాలా కింద ఉంటారు. అక్కడ సీటు వస్తే మీకు ఐ.ఐ.టి. కన్నా తక్కువ ఖర్చు అయినా ఆశ్చర్యం లేదు. దరఖాస్తు రుసుము 75 డాలర్లు. అది భారమైతే మాఫీ అడగండి, ఇస్తారు.

కనిగిరి అమ్మ
ఇంకో చిక్కు వచ్చింది. కాలేజీ ప్రిన్సిపాల్‌ను కలిస్తే, స్టడీ సర్టిఫికెట్టు తప్ప సిఫారసు లేఖలు తమ దగ్గర ఇవ్వరన్నారు. ఇలాంటి దరఖాస్తు ఇంతవరకు ఎవరూ చేయలేదట. తొమ్మిది, పది తరగతుల మార్కులు వేరే స్కూలువి. లెక్కల లెక్చరర్ రాస్తానన్నారు. ఇంకొకటి సామాజిక శాస్త్రాలో, భాషో చెప్పేవాళ్లు రాయాలట. పదో తరగతిలో తెలుగు చెప్పిన మాస్టారుకు ఆ నోటుపుస్తకం గురించి అంతా తెలుసు, ఆయనతో రాయించవచ్చా?

మూడో సంవత్సరం
మా కాలేజీలోనూ ఇదే జరిగింది. మా నాన్న గట్టిగా అడిగినకొద్దీ వాళ్లు బిగుసుకున్నారు. చివరికి స్కూలు రిపోర్టు (దరఖాస్తు కోసం కాలేజీ నింపి పంపే ఫారం) అంటే ఏమిటో ఒక పేజీలో తెలుగులో రాసి, పక్కన ఇంటర్ మార్కుల విధానం వివరించి, ఏ గడిలో ఏం నింపాలో చూపించాక వైస్ ప్రిన్సిపాల్ కూర్చుని అరగంటలో అప్‌లోడ్ చేశారు. వాళ్లకు ఇష్టం లేక కాదు. తెలియని కాగితం మీద సంతకం పెట్టడానికి భయం. తొమ్మిది, పది మార్కుల జాబితాలు పాత స్కూలు ముద్రతో తీసుకుని కలిపి ఇవ్వండి.

రెండో లేఖ ఇప్పుడు పాఠం చెబుతున్న ఇంగ్లీషు లెక్చరర్‌తో రాయించండి, ఇటీవల చెప్పినవారైతే మంచిది. తెలుగు మాస్టారి లేఖను అదనపు లేఖగా పంపండి. ఆయన తెలుగులో రాస్తే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి, ఇంట్లోవాళ్లు కాకుండా వేరేవారు చేయడం మంచిది. 'తెలివైన, క్రమశిక్షణ గల విద్యార్థిని' అన్న మాటలు ప్రతి లేఖలో ఉంటాయి. అంగన్‌వాడీ దగ్గర ఏం జరిగిందో ఆయన చూసినది చూసినట్టు రాస్తే అది ఎక్కడా ఉండదు.

తెనాలి లెక్కల మాస్టారు
నేను మొదట రాసినప్పటి మాట మీదే ఉన్నాను. జేఈఈ ఆపవద్దు. అయితే ఇప్పుడు దరఖాస్తు కూడా చేయమంటాను. తేదీలు చూసుకోండి. ఎం.ఐ.టి. మామూలు గడువు జనవరి మొదటి వారం. జేఈఈ మెయిన్ మొదటి విడత అదే నెల. ఆ వెంటనే ఇంటర్ పరీక్షలు. వ్యాసాలు డిసెంబరుకు వదిలేస్తే రెండూ పాడవుతాయి. దసరా సెలవుల్లో చిత్తుప్రతులు, దీపావళి దాటాక ఆదివారాలు మాత్రం దిద్దుకోవడం, నవంబరు ఆఖరుకు మూసేయడం. మిగతా రోజులు జేఈఈకే. వాళ్ల ఫలితం మార్చి 14 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి అడ్వాన్స్‌డ్‌కు రెండు నెలలు ఉంటుంది కాబట్టి ఏది వచ్చినా చదువు సాగుతుంది.

ఇంకోటి. గణితం మీద ఇంత ఆసక్తి ఉన్న పిల్లకు చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు తప్పకుండా రాయించండి. మన జిల్లాల్లో వాటి పేరు ఎత్తేవారు లేరు. ఆ రెండు చోట్లా చదివే పిల్లలు ఏ దేశం వారికీ తీసిపోరు. బోర్ల అంకెల మీద అమ్మాయి గీసిన గ్రాఫులు నాకు ఫోటో తీసి పంపమ్మా. లోతు ఒక్కటే కాదు, బోరు వేసిన సంవత్సరం కూడా కలిపి చూసిందా అని అడగాలని ఉంది.

కనిగిరి అమ్మ
పంపుతాను మాస్టారూ. నిన్న రాత్రి హాస్టలుకు ఫోను చేసి మీరందరూ రాసినవి చదివి వినిపించాను. తనకు అన్నిటికన్నా నచ్చింది మీ ప్రశ్నే. సంవత్సరం కలిపి చూడలేదట, దసరాకు వచ్చి చూస్తానంది.

మేం అనుకున్నది ఇది. ఎం.ఐ.టి., ప్రిన్స్‌టన్, ఆమ్‌హెర్స్ట్, ఈ మూడింటికే అమెరికా దరఖాస్తులు, మూడింటికీ సాయం అడుగుతూ. ఇక్కడ జేఈఈ, చెన్నై, స్టాటిస్టికల్. ఒక్క సందేహం మిగిలింది. మా వారి వ్యవసాయ ఆదాయానికి పన్ను కాగితాలు ఉండవు. ఏం చూపించాలి?

ఫ్రిస్కో నాన్న
మీ జీతానికి ఫారం-16. వ్యవసాయానికి మీసేవలో తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం. పంట ఎంత పండింది, ఎంత ఖర్చయింది, చేతికి ఎంత మిగిలింది అన్నది మీ వారే ఒక పేజీ రాసి సంతకం పెట్టవచ్చు. పొలం విలువ దాచవద్దు. ఉన్నది ఉన్నట్టు చూపించి, అది మెట్ట అనీ, బోరు మీద ఆధారపడిందనీ వివరించండి. ఏది ఏ తేదీకి ఇవ్వాలో మూడు యూనివర్సిటీలవీ వేరు వేరుగా రాసి పెట్టుకోండి, సాయం కాగితాల గడువు దరఖాస్తు గడువు ఒకటే కాదు. తహసీల్దారు కార్యాలయంలో పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.